సత్రపు గంట: రాష్ట్రేతరాంధ్రుల సీమలలో అన్నవిభాగము

అన్నదానమును గూర్చి వ్రాయబూనినవారు ముందుగా దాని మహిమను వర్ణించి, పిదప దాతల నామావళిని చదువుట పరిపాటి. ఈ వ్యాసమున నేనా త్రోవను త్రొక్కుట లేదు. దాతలకు మనలో ఎన్నడును కొఱత లేదు. వారి పేళ్ళు గుడి గోడలమీదను, సత్రముల ద్వారబంధములమీదను, ఇట్టి ప్రత్యేక సంచికల పుటలలోను కావలసినన్ని కలవు. నేను విచారింపదలచినది వేఱొక విషయము. వండిన అన్నము మిగిలినప్పుడు అది యెవరి సొత్తు? ఆకలిగొన్నవాడు వేళ తప్పి వచ్చినయెడల వానికి ఆ యన్నముపై హక్కు కలదా, లేక వడ్డించువాని దయయే దిక్కా? తెలుగువారు తరతరములుగా కాపురమున్న తంజావూరు, చెన్నపట్టణము, ఉత్కళ సీమలలో ఈ ప్రశ్నకు వేర్వేఱు కాలములందు వేర్వేఱు సమాధానములు లభించుచున్నవి. అందు కొన్ని గర్వింపదగినవి, ఒకటి సిగ్గుపడదగినది.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయమున పుట్టలేదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక నగరమున మనవారు జరిపిన ఉగాది సంతర్పణకు పోయితిని. మూడువందలమంది వత్తురని వండిరి. సాయంకాలము కుంభవృష్టి కురియుటచే అందులో సగమైనను రాలేదు. రాత్రి పదిగంటలు దాటిన పిదప పులిహోర గంగాళమును, పప్పు గుండిగను వెనుకవాకిటి కాలువకడకు ఈడ్చుకొనిపోయి కుమ్మరించుట కన్నులార చూచితిని. ఆ వీధి చివరనే కట్టుచున్న మేడ క్రింద పాలమూరినుండి పనికి వలసవచ్చిన కూలివాండ్రు మూడురాళ్ళ పొయ్యిమీద ఏదియో ఉడుకబెట్టుకొనుచుండిరి. వారును తెలుగువారే. నిర్వాహకులు చెడ్డవారు కారు. చందా వసూలు మొదలు వడ్డన వఱకు చెమటోడ్చి పనిచేసినవారే. నేను అడుగగా వారిలో ఒకాయన నొచ్చుకొని, "ఈ వేళప్పుడు ఎవరిని పిలిచేదండీ?" అనినాడు. అందులకు నాకడ అప్పుడు సమాధానము లేకపోయెను. ఆ వేళప్పుడే పిలుచుట యొక నియమముగా గల సంస్థలు రెండువందల యేండ్ల క్రిందట కావేరీతీరమున ఉండెనని నేను పిమ్మట చదివితిని.

తంజావూరితో మనకు గల సంబంధము చదువరులకు తెలియనిది కాదు. 1532 ప్రాంతమున చెవ్వప్ప నాయకునితో మొదలై 1673లో విజయరాఘవ నాయకుని మరణముతో ముగిసిన నాయకుల యేలుబడిలో తెలుగు అచ్చట రాజభాషగా, కావ్యభాషగా, రంగస్థలపు భాషగా వెలసెను. వారితో వచ్చిన కుటుంబములు కావేరి పాయల వెంబడి గ్రామములలో స్థిరపడెను. విజయరాఘవుని కొలువున పురుషోత్తమ దీక్షితుడు రచించిన యక్షగానమొకటి కలదు. దాని పేరు తంజాపురాన్నదాన మహానాటకము. నాటకమునకు వస్తువుగా దేవతల కల్యాణములను, రాజుల శృంగారమును ఎన్నుకొను కాలమున, ఊరిలోని అన్నసత్రమును ఎన్నుకొనుట చిత్రమే. సత్రము ఆనాటి పురజీవనమున ఎంతటి స్థానమాక్రమించెనో చెప్పుటకు వేఱు శాసనము అక్కఱలేదు.

నాయకుల పిదప వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు తెలుగును వదలలేదు. శాహజీ మహారాజు స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. సత్రములను వారు వదలకపోగా పెంచిరి. కాశినుండియు, ఉత్తర దేశములన్నిటినుండియు రామేశ్వరమునకు పోవు యాత్రికులు తంజావూరు సీమను దాటియే పోవలెను. ఆ దారి పొడుగున రాజస్త్రీల పేర సత్రములు వెలసెను. నీడామంగలమున యమునాంబా సత్రము, ఒరత్తనాటిలో 1802 ప్రాంతమున రెండవ శరభోజి మహారాజు కట్టించిన ముక్తాంబా సత్రము వానిలో ప్రసిద్ధములు. తెలుగు దేశమునుండి సేతుయాత్రకు బయలుదేరిన మన తాతముత్తాతలలో ఈ సత్రముల యరుగులమీద నడుము వాల్చినవారు ఎందఱో!

1799లో జరిగిన సంధిచే తంజావూరు రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీ చేతికి పోయెను. రాజునకు కోటయు, భరణమును మిగిలెను. సత్రములను పోషించు భూములేమగునో యను భయము శరభోజిని పట్టుకొనెను. అందుచే అతడు 1801లో కంపెనీ రెసిడెంటు బెంజమిన్ టోరిన్‌కు ఒక లేఖ వ్రాసెను. రాజ్యము పోయినవాడు తన రాజ్యమునకు బదులుగా అన్నసత్రములను నిలుపుకొనుటకై వ్రాసిన లేఖ యది. దాని సారమును నా మాటలలో చెప్పెదను.

సత్రమునకు వచ్చిన బాటసారులకు బ్రాహ్మణుడు మొదలు పఱయవాని వఱకు కులభేదము లేక అన్నము పెట్టబడును. జోగులు, జంగములు, అతీతులు, బైరాగులు ఎవ్వరు వచ్చినను సరియే. వండిన యన్నము తిననివారికి బియ్యమును, సంబారములును ఇత్తురు. ఈ వడ్డన నడిరేయి వఱకు సాగును. నడిరేయి గంట మ్రోగించి, ఇంకను భోజనము చేయనివారెవరైన ఉన్నచో వచ్చి, వారికొఱకు సిద్ధముగానున్న అన్నమును గైకొనవలసినదని చాటింతురు. ప్రయాణము సాగింపలేనివారు కొన్నాళ్ళు నిలువవచ్చును. రోగులకు వైద్యుడును, పథ్యమును కలవు. సత్రమున తల్లిదండ్రులు గతించిన పరదేశి బిడ్డలను ఉపాధ్యాయునికి అప్పగింతురు; వారికి మూడుపూటల అన్నము, నాలుగు దినములకొకసారి తలంటు, బట్టలు, చదువు. చదువు ముగిసిన పిదప పెండ్లి ఖర్చును సత్రమే భరించును.

ఈ లేఖను చదివినవారు సాధారణముగా అనాథబాలురను గూర్చియు, వైద్యులను గూర్చియు పొగడుదురు. నా దృష్టి ఆ గంటమీద నిలిచినది. ఎందువలననగా, ఎంత ధనవంతుని వంటశాలకైనను తప్పని చిక్కొకటి కలదు. తినువారెందఱో తెలియకముందే ఎసరు పెట్టవలెను. తక్కువ వండినచో చివర వచ్చినవాడు పస్తుండును. ఎక్కువ వండినచో అన్నము పాచిపోవును. మన దేశపు ఎండలో వండిన యన్నము తెల్లవాఱువఱకు నిలుచుటయే కష్టము. ఈ చిక్కును లెక్కలతో తీర్చలేము. సత్రమువారు దానిని గంటతో తీర్చిరి. ఎక్కువగానే వండుదురు, మిగిలినదానిని మిగులు అనరు, ఇంకను రానివాని భాగమందురు. గంట మ్రోగు వఱకు ఆ యన్నము వానిది. గంట మ్రోగి, చాటింపు ముగిసిన పిదపనే అది ఎవ్వరిదియు కాకుండును. యాచకుడు వాకిట నిలిచి గొంతెత్తి అడుగవలసిన పనిని సత్రమే తనపై వేసికొన్నది. అడుగువాడు అన్నము గలవాడు, సమాధానమిచ్చువాడు ఆకలిగొన్నవాడు. వండిన యన్నము తినని యాచారపరునికి బియ్యమే కొలిచి యిచ్చుటలో కూడ ఈ లెక్కయే కలదు. తినడని తెలిసిన యన్నమును విస్తరిలో వడ్డించుటకంటె బియ్యమును మూట గట్టి యిచ్చుట మేలు గదా.

రాజు వ్రాసినదంతయు ప్రతి సత్రమునందును అక్షరాల జరిగెనని నేను వాదింపను. అది ఒక విన్నపము. విన్నపమున మంచినే చెప్పుదురు. పంక్తిభేదములు లేకుండెనని కూడ ఎవ్వరును నమ్మనక్కఱలేదు. అన్నము అందఱకును అనుట వేఱు, అందఱును ఒకచోట కూర్చుండుట వేఱు. అయినను, నియమముగా వ్రాసి యొకరికి చూపదగినదని ఒక ప్రభువు తలచెననుటయే చరిత్రకారునికి చాలును. 1855లో శివాజీ మహారాజు మగసంతానము లేక మరణించుటతో తంజావూరు సంస్థానము అంతరించెను. సత్రములు ఉద్యోగుల పాలనకు లోబడెను. ముక్తాంబా సత్రపు కట్టడము నేటికిని ఒరత్తనాటిలో నిలిచియున్నది. దాని రాతి పనిని చూచువారు కలరు. పూర్వపు గంటను గూర్చి అడుగువారు అరుదు.

ఆ లేఖ వ్రాసిన కాలముననే, అదే సీమలో, తిరువయ్యాటి వీథులలో త్యాగరాజస్వామి ఉంఛవృత్తి చేయుచుండెను. చంకను చెంబు, నోట కీర్తన. గడపకొక పిడికెడు బియ్యము. ఆ పూటకు చాలినంతయే తెచ్చుట, రేపటికి దాచకుండుట ఆ వృత్తికి నియమము. తెచ్చినది ఇంటిలోనివారికిని, శిష్యులకును. సత్రము ఒక కొస, చెంబు మఱియొక కొస. మొదటిది అధికముగా వండి ఆకలిని వెదకును. రెండవది ఆకలికి చాలినంతయే తెచ్చి మిగులనే మిగులనీయదు. మన పరిశోధకులు సంగీతమును గూర్చి వ్రాయునప్పుడు ఆ చెంబును భక్తికి చిహ్నముగా మాత్రమే చూతురు. వీథిలోని ఇల్లాండ్రు ప్రతిదినము తమ వంటబియ్యమునుండి పిడికెడు తీసి ప్రక్కనుంచుట యను గృహనియమము దాని వెనుక కలదని మఱతురు.

పంపకము దయకాదు, హక్కు అను భావమునకు ఇంకను ప్రాతదైన సాక్ష్యము తిరుమలలో దొరకును. తెలుగు, తమిళ దేశముల పొత్తున నున్న ఆ కొండమీది శాసనములలో అధికభాగము తమిళమున నున్నవి. 15వ శతాబ్ది ఉత్తరార్ధమున సాళువ నరసింహుని కాలము మొదలుకొని దాతలు స్వామికి తళిగలను ఏర్పాటు చేయుచు వ్రాయించిన శాసనములు వందలకొలది కలవు. ఎన్ని తూముల బియ్యము, ఎంత నేయి, ఎంత పెసరపప్పు, ఉప్పు, మిరియము, పెరుగు అను లెక్క వానిలో ఉండును. స్వామికి నివేదింపగా వచ్చిన ప్రసాదములో నాలుగవవంతు దాతకు చెందును. తమిళమున దానిని 'విట్టవన్ విళుక్కాడు' అందురు. ఇచ్చినవాని పాలు అని అర్థము. తక్కిన మూడు వంతులు గుడి కొలువువారికి పోవును. ఈ నాలుగవవంతును దాత యింటికి మోసికొనిపోవలెనా? అక్కడనే యున్నది విశేషము. సాళువ నరసింహుడు తిరుమలలోను, తిరుపతిలోను రామానుజకూటములను స్థాపించి, కందాడై రామానుజయ్యంగారిని వానికి అధికారిగా నియమించి, తన పాలు ప్రసాదమును ఆ కూటములలో యాత్రికులకు పెట్టవలసినదిగా శాసించెను. పిమ్మట పలువురు దాతలు ఆ దారినే పోయిరి.

దీనివలన జరిగినదేమి? దేవునికి వండిన యన్నము పాచిపోక ముందే, దాని ప్రతి వంతునకును తినువాడు ఏర్పడి యుండెను. వంట మొదలగుటకు పూర్వమే పంపకము రాతిమీద చెక్కబడెను. దాత పాలును వెల యిచ్చి కొని అమ్ముకొను ప్రసాద వర్తకులును ఆ కాలముననే బయలుదేరిరి. మంచి యేర్పాటు ఎచ్చట కలదో అచ్చటికి బేరము కూడ వచ్చును. దానిని నేను పెద్ద దోషముగా తలంపను. అమ్ముడైన యన్నము కూడ కాలువ పాలు కాలేదు గదా! ఆ కొండమీద 1985లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వకాలమున నిత్యాన్నదానము పెద్ద యెత్తున మొదలయ్యెనని అందఱకు తెలియును. అది శూన్యమునుండి పుట్టలేదు.

ఇక ఉత్కళమునకు పోవుదము. గంజాము, పర్లాకిమిడి, బ్రహ్మపురములలోని మనవారికి పురీక్షేత్రము పెరటి గుడి వంటిది. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి నడిచిపోవు యాత్రికులకు లెక్కయే లేకుండెను. చెన్నపట్టణపు తెలుగు పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో మరలివచ్చిన కాశీయాత్రలో, తిరుగుదారిని జగన్నాథమును సేవించుకొనియే వచ్చెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకిని సత్రములు, చావళ్ళు, దొరకు వస్తువులు పేర్కొనబడినవి. బాటసారి కడుపును మఱవని గ్రంథమది.

జగన్నాథుని వంటశాలలో మట్టి కుండలలో వండిన యన్నము మొదట స్వామికి, పిదప విమలాదేవికి నివేదితమై మహాప్రసాదమగును. తరువాత ఆనందబజారున దానిని అందఱును కొని, కులమెంచక ఒకే కుండలోనిది తినవచ్చును. ఒకరు ముట్టినది మఱియొకరికి ఎంగిలి కాదు. మన భాషలో 'సర్వం జగన్నాథం' అను నానుడి ఇందుండియే వచ్చెను. ఇంటిలో నాలుగు కూరలును ఒకచోట కలిపినప్పుడు మనము నవ్వుచు అనెడి మాట వెనుక ఇంతటి సంగతి కలదు. అచ్చట మెతుకు పాఱవేయుట లేదు. మిగిలిన యన్నమును ఎండబెట్టి నిర్మాల్యమందురు. చిన్న సంచులలో కట్టి యాత్రికులు ఇండ్లకు తెచ్చుకొందురు. ఎండిన యా మెతుకులు ఏడాదియైనను చెడవు. తాతలనాటి యిండ్లలో దేవుని గూటిలో ఆ సంచి తప్పక ఉండెడిది. చివరి ఘడియలో నోట వేయుటకు దానిని దాచెడివారు. ఇక్కడ ఒకమాట చెప్పవలెను. మహాప్రసాదము అమ్మకపు వస్తువు. తినుటలో సమానత కలదు, సంపాదించుటలో లేదు. చేత కాసు లేనివాని సంగతి ఆ యేర్పాటు చూడలేదు.

ఆ లోపము 1866లో భయంకరముగా బయటపడెను. 1865లో వానలు ముందుగనే నిలిచిపోవుటచే పంటలు ఎండెను. ఉన్న ధాన్యములో కొంత అంతకుముందే ఎగుమతియై పోయెను. ప్రభుత్వము ఆలస్యముగా మేలుకొని బియ్యపు ఓడలను పంపునప్పటికి ఋతుపవనము తగిలి సముద్రము పొంగెను. తీరమున బియ్యము దించుటకు వీలు లేకపోయెను. ఒడిషాలో మూడవవంతు జనము, అనగా సుమారు 10 లక్షలమంది మరణించిరి. అప్పుడు మద్రాసు రాజధానిలో చేరియున్న గంజాము జిల్లా కూడ ఆ కఱవు దెబ్బ తిన్నది. అచ్చటి తెలుగు గ్రామములు అందుకు వెలి కావు.

కఱవు కాలమున ప్రభుత్వమును, ధర్మాత్ములును అన్నసత్రములు తెఱచిరి. ఒడియా భాషలో వానిని ఛత్రములందురు. మన సత్రము అను మాటయే. ప్రాణము నిలుపుకొనుటకు వేలకొలది జనము ఆ ఛత్రములలో తినిరి. కఱవు తీఱి ఊళ్ళకు మరలిన పిదప వారిలో అనేకులను ఊరివారు కులమున చేర్చుకొనలేదు. ఎవరు వండిరో తెలియని కూడు, ఎవరి ప్రక్కనో కూర్చుండి తినిరి గనుక వారు భ్రష్టులైరట! అట్లు వెలియైనవారు ప్రత్యేకమొక కులముగా ఏర్పడిరి. వారిని 'ఛతరఖియా' అనిరి. ఛత్రమున తినినవాడు అని అర్థము. ఇంగ్లీషు ఉద్యోగులు వ్రాసిన కులముల పట్టికలలో ఆ పేరు ఎక్కినది. ప్రాణము కాపాడిన కబళమే తరతరములకు పేరై అంటుకొన్నది.

ఒకే మాట, సత్రము. తంజావూరిలో రాజు దానిని తన కీర్తిగా చెప్పుకొనెను. ఒడిషాలో అందు తినినవాని బిడ్డకు అది వెలిపేరయ్యెను. కులమెంచక ఒకే కుండలోనిది తిను జగన్నాథక్షేత్రము గల దేశముననే ఇది జరిగినది! దీనికి కారణమేమని నేను పలుమాఱులు తలపోసితిని. నాకు తోచినది చెప్పుదును. ఆనందబజారున తినువాడు యాత్రికుడు. అతని ప్రక్కవాడును యాత్రికుడే. ధనికుడును, దరిద్రుడును ఒకే పనిమీద వచ్చినవారు. తంజావూరి సత్రమున తినువాడు అతిథి. కఱవు ఛత్రమున తినువాడు మాత్రము కేవలము దిక్కులేనివాడు. దిక్కులేనివాడని ఊరందఱును చూచుచుండగా తినవలసినవాడు. అచ్చట ఊరిపెద్ద వచ్చి ప్రక్కన కూర్చుండి ఒక్క ముద్ద తినియుండినచో ఆ కులము పుట్టియుండెడిది కాదేమో. అన్నము పెట్టినవారు తాము తినలేదు. తప్పంతయు తిననివారిది, మచ్చ మాత్రము తినినవారికి మిగిలినది.

పదియేండ్ల పిదప వచ్చిన ధాత కఱవున, అనగా 1876-78 నడుమ, మద్రాసు రాజధానిలోని సహాయశిబిరములలో కూడ వండిన కూడు తినుటకంటె పస్తే మేలని తొలగినవారు కొందఱు కలరు. ఆ శిబిరముల కూలికి రోజునకొక పౌను ధాన్యము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించుట, అది ప్రాణము నిలుపదని వైద్యాధికారి కార్నిష్ వాదించుట మఱియొక పెద్ద కథ. ఇచ్చట చెప్ప నవసరము లేదు. ఈ రెండు కఱవుల నడుమ, 1867లో, దక్షిణార్కాటు జిల్లా వడలూరిలో రామలింగస్వామి కులభేదము లేని ధర్మశాలను నెలకొల్పెను. నాడు వెలిగించిన పొయ్యి నేటికిని ఆఱలేదని ప్రసిద్ధి. అచ్చట తినినవారికి ఏ వెలిపేరును రాలేదు.

చెన్నపట్టణమున ఈ విషయమున మనవారి పాలు చెప్పుకొనదగినది. హైదరాలీ దండయాత్రల వెంట వచ్చిన కఱవున, 1782లో, అచ్చట గంజికేంద్రమొకటి వెలసెను. అదియే మణియగారు సత్రము. ప్రక్కనే ఎదిగిన ఆసుపత్రికి, నేటి స్టాన్లీ ఆసుపత్రికి, 'గంజితొట్టి ఆసుపత్రి' అను పేరు జనుల నోట తరతరములు నిలిచెను. తొట్టి యను మాటలోనే పశువునకు కుడితి పోసినట్టి ధ్వని కలదు. పెట్టినవారు దానిని గమనించిరో లేదో. ఆ పట్టణముననే, తెలుగు దేవాంగ కుటుంబమున పుట్టిన పిట్టి త్యాగరాయ సెట్టిగారు నగరపాలక సంస్థకు అధ్యక్షులుగా నుండగా, 1920లో, థౌజండ్ లైట్సు ప్రాంతపు బడిపిల్లలకు ఫలహారము పెట్టుటకు తీర్మానమాయెను. పిల్లవానికి రోజునకు ఒక అణాకు మించరాదని లెక్క. తరువాత అది మఱి కొన్ని బళ్ళకు వ్యాపించెను. 1922-23లో ఆ బళ్ళలో 811 మంది పిల్లలుండగా 1924-25 నాటికి 1,671 మందియైరి. ప్రాథమిక విద్యానిధినుండి ఆ ఖర్చు చేయరాదని ప్రభుత్వము అడ్డుపెట్టుటచే 1925లో అది నిలిచిపోయెను. ఆ యేడే త్యాగరాయ సెట్టిగారును గతించిరి. 1956లో కామరాజు ముఖ్యమంత్రిగా రాష్ట్రమంతట మధ్యాహ్న భోజనము పెట్టించుటకు మూడున్నర దశాబ్దముల ముందటి మాట యిది. బడిలో పలకతోపాటు పళ్ళెము కూడ ఉండుటచే పిల్లవాడు బిచ్చగాడు కాలేదు, విద్యార్థియే అయ్యెను. నా దృష్టిలో అణా లెక్కకంటె ఇది గొప్పది.

ఇంటి సంగతి కొంచెము చెప్పి విరమించెదను. మనవారిలో వారములు చేసికొని చదువుకొనుట యను పద్ధతి ఉండెడిది. బీదవిద్యార్థి సోమవారము ఒకరింట, మంగళవారము మఱియొకరింట భోజనము చేయును. ఏడు ఇండ్లవారికి వారమునకొక విస్తరి బరువు కాదు. పిల్లవానికి చదువు సాగును. నియమిత దినమున వచ్చును గనుక ఇల్లాలు వానిని లెక్కలో వేసికొనియే ఎసరు పెట్టును. తిరుమల శాసనమునకును దీనికిని భేదము రాతికిని నోటిమాటకును గల భేదమే. యానామునకు సమీపమున కోనసీమలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి పాయను దాటు బాటసారులకు వేళ యనక, కులమనక వండి పెట్టినారు. 1903లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు ఆమె ఛాయాచిత్రమును కోరి తెప్పించుకొనిరన్నది ప్రసిద్ధము. పడవ తప్పి అర్ధరాత్రి తలుపు తట్టినవానికి ఆమె లేచి పొయ్యి రాజేసెడిదని ఆ సీమవారు చెప్పుదురు. అచ్చట గంట తినువాని చేతిలోనే ఉండెననుకొనవలెను.

మొదట చెప్పిన ఉగాది సంతర్పణకు మఱుసటి యేడు కూడ పోయితిని. శరభోజి లేఖ సంగతి నిర్వాహకులకు ముందే చెప్పియుంటిని. వారు ఇద్దఱు యువకులను ప్రత్యేకముగా నియమించి, రాత్రి తొమ్మిదింటికి మిగిలినదంతయు పొట్లములు కట్టి ఆ కట్టుచున్న మేడకు చేర్పవలెనని యేర్పాటు చేసిరి. పగలే పోయి కూలివాండ్రకు చెప్పివచ్చిరి. అప్పుడు వారిలో ఒక ముసలమ్మ, "పొట్లాలెందుకయ్యా, మేమే వచ్చి కూర్చుంటే తప్పా?" అని అడిగినదట. యువకులకు ఏమనుటకును తోచక వచ్చి పెద్దలకు చెప్పిరి. కమిటీలో కొంత చర్చ జరిగినది. దానిని ఇచ్చట వ్రాయుట బాగుండదు. ఆ రాత్రి వారు ఇరువదిమూడుమంది, పిల్లలతో కూడ, ఉతికిన బట్టలు కట్టుకొని ఎనిమిదింటికే వచ్చిరి. రెండవ పంక్తిలో కూర్చుండిరి. ఆ ముసలమ్మ ప్రక్క విస్తరి నాది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చాలలేదని ఆమె అన్నది, అది నిజమే.